ఆయిల్ రంగుల్లో మనిషి బొమ్మ, కుంచె విసురు, ఒంటి రంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

కుంచె జాడ కనిపించేలా, రంగు ధైర్యంగా పలికేలా మనిషి బొమ్మ వేయాలనుకునే వాళ్లకు మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలివి. పని జరిగే వరసలో పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మనిషి బొమ్మకు కనీసం ఎన్ని రంగులు ఉండాలి?

నాలుగు చాలు. తెలుపు, యెల్లో ఆకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరు మీద చెలామణీ అయ్యే ప్యాలెట్ ఇదే. వెర్మిలియన్ బదులు ఇప్పుడు కాడ్మియం రెడ్ లైట్ వాడతారు. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే వచ్చే బూడిద రంగు ఒంటి ఎరుపుల పక్కన నీలంలాగే కనిపిస్తుంది, అందుకే చర్మం వేసేటప్పుడు నీలం లేని లోటు తెలియదు. ముదురు పచ్చ చీరో ఊదా తెరో వేయాల్సి వస్తే మాత్రం ఈ నాలుగూ చేతులెత్తేస్తాయి. అప్పుడు అల్ట్రామరైన్, విరిడియన్, బర్న్ట్ సియెన్నా, పర్మనెంట్ అలిజరిన్ చేర్చుకోండి. ఈ ఎనిమిదీ దాటితే ప్యాలెట్ మీద గందరగోళమే పెరుగుతుంది. 'పర్మనెంట్' అన్న మాట లేని అసలు అలిజరిన్ క్రిమ్సన్, అంటే ట్యూబు మీద పీఆర్ 83 అని ఉండేది, పలచటి పూతల్లో వెలుతురుకు వెలిసిపోతుంది. బుగ్గల ఎరుపును దాని మీద వదిలేయకండి.

ఏ కుంచెలు కొనాలి? మెత్తటివా, గట్టివా?

గట్టివి, పంది వెంట్రుకలవి. ముద్ద రంగును మోసేదీ, వేటు వేసిన చోట గాళ్లు మిగిల్చేదీ అవే. కొస గుండ్రంగా ఉండే ఫిల్బర్ట్ ఒంటి వంపులకు బాగా ఒదుగుతుంది. 4, 8, 12 నంబర్లలో రెండేసి తీసుకోండి. ఒకటి వెలుగు రంగులకు, ఒకటి నీడ రంగులకు. నేపథ్యానికి రెండంగుళాల ఫ్లాట్ ఒకటి. తొలి పూతలో కుంచె వెడల్పు ముఖం వెడల్పులో మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గకూడదు. సన్న కుంచె చేతిలో ఉంటే కనురెప్పలు వేయాలనిపిస్తుంది, కపాలం ఇంకా కుదరకముందే. బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ 1950ల రెండో సగంలో మెత్తటి సన్న కుంచెలు వదిలి పంది వెంట్రుకలకు మారాడు. ఆయన బొమ్మల్లో చర్మానికి బరువు వచ్చింది అక్కడి నుంచే.

తెల్ల క్యాన్వాస్ మీదే నేరుగా వేయవచ్చా?

వేయవచ్చు గానీ కన్ను మోసపోతుంది. తెలుపు పక్కన ప్రతి మధ్యరకం రంగూ ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. దాంతో అన్నింటినీ లేతగా కలుపుతూ పోతారు, చివరికి బొమ్మ పాలిపోతుంది. బర్న్ట్ సియెన్నానో బర్న్ట్ అంబర్‌నో టర్పెంటైన్‌తో టీనీళ్లంత పలచన చేసి పూసి, గుడ్డతో తుడిచేయండి. లేత ఇటుక రంగు నేల, అంటే కింది పూత, మిగులుతుంది. రెండు మూడు రోజులు ఆరనివ్వండి. దాని మీద వెలుగు వేటు వేస్తే వెంటనే వెలుగుతుంది. నీడలో కొన్ని చోట్ల ఆ నేలనే వదిలేయవచ్చు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1654లో వేసిన, వాగులో దిగుతున్న స్త్రీ బొమ్మలో అలా కింది పూతనే నీడగా వదిలిన చోట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎక్రిలిక్ జెస్సో (రంగు వేసే ముందు పూసే తెల్లటి అస్తరు) పూసిన క్యాన్వాస్ అయితే ఆయిల్ రంగు తాకించే ముందు కనీసం 3 రోజులు ఆగండి.

టైటానియం, జింక్, లెడ్ తెలుపుల్లో ఏది?

రోజువారీ పనికి టైటానియం. బాగా కప్పుతుంది, కాకపోతే కలిసిన ప్రతి రంగునూ మింగేస్తుంది, అందుకే కొంచెం కొంచెంగా కలపాలి. జింక్ వైట్ మెత్తగా, చల్లగా (అంటే నీలం వైపు) ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి పగులుతుంది, పై పూతలు ఊడివస్తాయి. కొన్ని 'టైటానియం' ట్యూబుల్లోనూ జింక్ కలుపుతారు కాబట్టి అట్ట మీది గుర్తు చూడండి. పీడబ్ల్యూ 6 టైటానియం, పీడబ్ల్యూ 4 జింక్, పీడబ్ల్యూ 1 లెడ్. లెడ్ వైట్ త్వరగా ఆరుతుంది, సాగుతుంది, మిగతా రంగుల్ని అణచదు. చర్మానికి దాన్ని మించినది లేదు. కానీ అది సీసం, విషం. వాడితే చేతులు కడగకుండా ఏమీ తినవద్దు, ఆరిన పూతను సాండ్‌పేపర్‌తో రుద్దవద్దు, పొడి రూపంలో అసలు ముట్టవద్దు.

## గీత, తొలి పూత

రంగు వేసే ముందు డ్రాయింగ్ ఎంతవరకు పూర్తి చేయాలి?

తక్కువ. తల పైభాగం, గడ్డం, మెడ గుంట, కటి, మోకాళ్లు, పాదాలు. ఈ ఆరు చోట్లు గుర్తు పెట్టి, భుజాల గీత ఎటు వాలింది, కటి గీత ఎటు వాలింది చూడండి. ఒంటికాలి మీద బరువు మోపి నిలబడినప్పుడు ఈ రెండూ సాధారణంగా ఎదురెదురుగా వాలతాయి. బొమ్మలో ప్రాణం సగం అక్కడే ఉంటుంది. నిలబడ్డ పెద్ద మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు, సగం ఎత్తు కటి అడుగున వస్తుంది. బొగ్గుతో గీస్తే పొడిని దులిపేయండి, లేకపోతే లేత రంగుల్లో కలిసి మసి చేస్తుంది. పలచటి బర్న్ట్ అంబర్‌తో కుంచెతోనే గీయడం ఇంకా మేలు. కనుబొమల దాకా చక్కగా గీసుకున్న వాళ్ల చేయి ఆ గీతలు చెరిగిపోతాయన్న భయంతో బిగుసుకుంటుంది. చిన్నపిల్లల రంగుల పుస్తకం నింపినట్టు అవుతుంది.

ముఖం ఆకుపచ్చగా, ఊదాగా వేసినా మనిషిలాగే కనిపించే బొమ్మలున్నాయి. అలా ఏ రంగైనా వాడవచ్చా?

వాడవచ్చు, ఒక షరతు మీద. రంగు మారవచ్చు, టోన్ మారకూడదు. టోన్ అంటే ఆ రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నది. ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్ 1905లో భార్య ముఖం మీద నుదుటి నుంచి గడ్డం దాకా ఆకుపచ్చ పట్టీ వేశాడు. ఒక వైపు పసుపు ఛాయ, ఇంకో వైపు గులాబీ. ఆ పట్టీ వెలుగూ నీడా కలిసే చోట నిలబడింది, అందుకే అది ముఖం మీద పూసిన రంగులా కాక ముఖపు మలుపులా కనిపిస్తుంది.

సాధన ఇలా చేయండి. తెలుపు, నలుపు కలిపి 5 మెట్ల బూడిద రంగు ప్యాలెట్ మీద వరసగా పెట్టుకోండి. మోడల్ ముఖంలో ప్రతి భాగాన్నీ కళ్లు సగం మూసి చూసి, అది ఎన్నో మెట్టో తేల్చండి. ఆ మెట్టుకు సరిపోయే రంగు ఏదైనా సరే, నారింజో నీలమో, కలిపి పెట్టండి. మధ్యలో ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూసుకోండి. అందులో ముఖం ముఖంలా ఉంటే రంగుల్లో మీ ఇష్టం. లేకపోతే ఎన్ని వింత రంగులు వేసినా అతుకుల బొంతే. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. నిమ్మపసుపుతో లోతైన నీడ రాదు, తెలుపు కలపని ఊదాతో మెరుపు రాదు.

ఫొటో చూసి వేస్తే తప్పా?

తప్పు కాదు, కానీ ఫొటో దాచేవి తెలిసి ఉండాలి. నీడల్లోని రంగుల్ని నల్లగా ముద్దచేస్తుంది, వెలుగుల్ని తెల్లగా కాల్చేస్తుంది, దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. రెండు మూడు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయండి. నీడ కోసం వెలుతురు పెంచి ఇంకో ఫొటో తీసుకోండి. ఎదురుగా మోడల్ ఉంటే 20 నిమిషాల భంగిమ, 5 నిమిషాల విశ్రాంతి పద్ధతి. లేచే ముందు పాదాల చుట్టూ టేపు అంటించండి. ఎవరూ దొరకనప్పుడు అద్దం ఉంది.

## ఒంటి రంగు

'స్కిన్ కలర్' అని ట్యూబు దొరుకుతుంది కదా, అది వాడితే పోలా?

అది ఎవరి చర్మమూ కాదు. ఒకే వెలుగులో, ఒకే రకం మనిషి బుగ్గ మీది ఒక ముక్క. లేత గులాబీ రంగుగా ఇంకెక్కడైనా వాడుకోండి.

నా బొమ్మల్లో చర్మం సుద్ద పూసినట్టు ఎందుకుంటుంది?

వెలుగు పెంచడమంటే తెలుపు కలపడమే అనుకోవడం వల్ల. తెలుపు, కలిసిన రంగును లేతగా చేయడంతో పాటు దానిలోని పసను లాగేస్తుంది, చలవ వైపు, అంటే నీలం వైపు నెడుతుంది. తెలుపు కలిపిన ప్రతిసారీ రవ్వంత యెల్లో ఆకర్ గానీ కాడ్మియం ఆరెంజ్ గానీ తోడు వేయండి. ఇంకో కారణం కూడా ఉంది: వెలుగు భాగమంతా మొదటి నుంచే మరీ లేతగా కలపడం. నలుపు నుంచి తెలుపు దాకా తొమ్మిది మెట్లు అనుకుంటే గోధుమ ఛాయ చర్మపు వెలుగు ఆరో మెట్టు దగ్గర ఆగాలి. పైమెట్లు ముక్కు కొసకూ నుదుటి మెరుపుకూ దాచుకోండి. చర్మంలో రంగు బాగా పండేది మెరిసే చోట కాదు, వెలుగు నీడలోకి తిరగబోయే ముందు ఉండే పట్టీలో. అక్కడ తెలుపు తగ్గించి ఎరుపు పెంచితే సుద్దదనం చాలావరకు పోతుంది.

నల్లని ఒంటికి, చామనఛాయకు బ్రౌన్‌లో నలుపు కలిపితే ఎందుకు చచ్చినట్టుంటుంది?

నలుపు కలిపినకొద్దీ బ్రౌన్‌లోని ఎరుపు ఆరిపోతుంది కాబట్టి. ముదురు చర్మం అంటే ముదురు టోన్‌లో ఉన్న రంగు, రంగు లేకపోవడం కాదు. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామరైన్ కలిపి మూల ముదురు చేసుకోండి. సియెన్నా ఎక్కువైతే వేడి (ఎరుపు, పసుపుల) వైపు, నీలం ఎక్కువైతే చలవ వైపు, ఒక జతలోనే రెండు దారులు. వెలుగు తిరిగే మలుపుల్లో పర్మనెంట్ అలిజరిన్ తోడు చేస్తే లోపల రక్తం ఉన్నట్టు పలుకుతుంది. చామనఛాయకు యెల్లో ఆకర్, సియెన్నా ముందు. తెలుపు చివర్లో, కుంచె కొసంత.

తేడా అసలు మెరుపుల్లో ఉంది. లేత చర్మం మీద మెరుపుకీ చుట్టూ ఉన్న రంగుకీ తేడా తక్కువ, ముదురు చర్మం మీద చాలా ఎక్కువ. అందుకే నుదురు, చెంప ఎముక, భుజం మీద కిటికీ వెలుతురు నీలి బూడిదగా స్పష్టంగా దిగుతుంది. దాన్ని గోధుమ రంగుతో 'సరిచేయకండి', చల్లగానే వేయండి. ఒకటి రెండు వేట్లే, కలపకుండా. నలుపునే రంగుగా వాడే దారి కూడా ఉంది. అమెరికన్ చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ ఐవరీ, కార్బన్, మార్స్ బ్లాక్‌లను వేరువేరు రంగులుగా పక్కపక్కన పెట్టి, ఇతర రంగులతో వాటిని వేడి చల్లదనాల వైపు తిప్పుతాడు.

నీడ ఏ రంగులో ఉండాలి?

వెలుతురు పసుపుగా ఉంటే నీడ చలవ వైపు, కిటికీ నుంచి వచ్చే నీలి వెలుతురైతే నీడ వేడి వైపు మొగ్గుతుంది. నీడలో తెలుపు వీలైనంత తక్కువ వేయండి, పూత పలచగా ఉంచండి. నీడలోని అతి లేత చోటు కూడా వెలుగులోని అతి ముదురు చోటు కంటే ముదురుగానే ఉండాలి. గడ్డం కింద ప్రతిఫలించే వెలుగు మరీ వెలిగిపోయి ముఖం బుడగలా ఉబ్బిందంటే ఈ నియమం తప్పారన్నమాట.

ముఖమంతా ఒకే రంగు పూసినట్టు వస్తోంది. ఎక్కడ మార్చాలి?

నుదురు పసుపు వైపు, బుగ్గలు, ముక్కు, చెవులు ఎరుపు వైపు, గడ్డం చుట్టూ బూడిద పచ్చ వైపు. గడ్డం గీసుకున్న మగవాళ్లలో ఇది బాగా తెలుస్తుంది. ఒంట్లో మోచేతులు, అరచేతులు, మోకాళ్లు, మడమలు ఎర్రబడతాయి. రొమ్ము, పొట్ట నెమ్మదిగా ఉంటాయి. ఉన్నదాన్ని కొంచెం పెంచి చెప్పడమే ఇక్కడ పని, లేనిది కల్పించడం కాదు.

రంగులన్నీ బురద అయిపోతున్నాయి. ఎక్కడ తప్పుతున్నాను?

సాధారణంగా మూడు చోట్ల. ఒకటి, ఒక ముద్దలో నాలుగైదు ట్యూబులు కలపడం. మూడు దాటవద్దు, తెలుపుతో కలిపి నాలుగు. రెండు, తుడవని కుంచె. ప్రతి రెండు మూడు వేట్లకు గుడ్డతో పిండి తుడవండి. టర్పెంటైన్‌లో ముంచి తడిగా రంగులోకి దిగితే బురద ఇంకా పలచనవుతుందే తప్ప పోదు. మూడు, క్యాన్వాస్ మీద వేడి రంగునూ చలవ రంగునూ ఒకదాన్లోకి ఒకటి రుద్దడం. పచ్చ, ఎరుపు పక్కపక్కన ఉంటే వణుకుతాయి, కలిపి రుద్దితే చస్తాయి. వాటి నడిమి రంగు విడిగా ప్యాలెట్ మీద కలిపి, రెండింటి మధ్యన ఒక వేటుగా పెట్టండి.

## కుంచె విసురు

కుంచె వేటు ఏ దిశలో పడాలి?

గుండ్రదనం చెప్పాలంటే ఒంటికి అడ్డంగా, పీపాకు ఇనప పట్టీ చుట్టినట్టు. సాగుదల, బిగువు చెప్పాలంటే నిలువుగా, కండరం పోయే దారిలో. ముంజేయి అడ్డం వేట్లతో బరువెక్కుతుంది, నిలువు వేట్లతో చాచుకుంటుంది. చేయంతా ఒకే దిశలో దువ్వితే మాత్రం గొట్టంలా వస్తుంది. ఉపరితలం తిరిగిన చోట వేటు దిశ కూడా తిరగాలి.

వదులుగా, విసురుగా వేయాలని ప్రయత్నిస్తే గజిబిజి అవుతోంది. ఎందుకు?

విసురు వేగం నుంచి వస్తుందనుకోవడం వల్ల. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ బొమ్మలు ఒక్క ఊపులో వేసినట్టుంటాయి గానీ, ఆయన నచ్చని ముఖాన్ని గీకేసి మళ్లీ మళ్లీ మొదటి నుంచి వేసేవాడు. తేలిగ్గా కనిపిస్తున్నది ఆఖరి ప్రయత్నం.

చేయి తీరు మార్చి చూడండి. ముఖ్యమైన ఐదారు రంగు ముద్దలు ముందే, పెద్ద గోళీకాయంత పరిమాణంలో కలిపి పెట్టుకోండి. మధ్యలో రంగు అయిపోతే వేటు బక్కచిక్కిపోతుంది. కుంచెను కొస దగ్గర కాకుండా కాడ చివర పట్టుకోండి, భుజం నుంచి కదపండి. చూడడం, కలపడం, నింపడం, ఒక్కసారి పెట్టి ఎత్తేయడం. అదే చోట రెండోసారి తడమకండి. రంగు తప్పైతే కొత్త రంగు కలిపి దాని మీద పెట్టండి. ప్రతి పది వేట్లకు రెండు మీటర్లు వెనక్కి నడిచి చూడండి. దీనికి మంచి కసరత్తు ఒకటుంది: 30 సెంటీమీటర్ల క్యాన్వాస్ మీద ఒక తల, మొత్తం 60 వేట్లలో. లెక్కపెట్టుకుంటూ వేస్తే ప్రతి వేటుకూ ముందు ఆలోచన వస్తుంది.

రంగు ఎంత మందంగా వేయాలి?

వెలుగులో ముద్దగా, నీడలో పలచగా. ముద్ద రంగు గట్లు నిజమైన వెలుతురును పట్టుకుని మెరుస్తాయి, నీడలో అలా మెరిస్తే లోతు పోతుంది. రెంబ్రాంట్ 'యూదు వధువు'లో అంగీ బంగారు రంగు చేతిని చూడండి, ముందుకు పొడుచుకొచ్చిన రంగు అది. గట్లు నిలవాలంటే ట్యూబు రంగులో నూనె కలపవద్దు. మరీ జారుగా ఉంటే పీల్చే కాగితం మీద అరగంట ఉంచండి, అదనపు నూనె దిగుతుంది. 5 మిల్లీమీటర్లు దాటే మందం ఒకే విడతలో వేయవద్దు. పైన పొర కట్టి లోపల నెలల తరబడి పచ్చిగా ఉంటుంది.

అంచులు కత్తిరించి అంటించినట్టున్నాయి. ఎలా మెత్తబరచాలి?

అన్నింటినీ మెత్తబరిస్తే బొమ్మ పొగలో మునుగుతుంది. మూడు నాలుగు చోట్లే పదునుగా ఉంచండి: వెలుగు పక్కన చిమ్మచీకటి ఉన్న చోట, ఎముక పైకి తేలిన చోట. నీడ వైపు శరీరమూ నేపథ్యమూ ఒకే టోన్‌లో ఉంటే ఆ అంచును పూర్తిగా కలిపేయండి, చూసేవాళ్ల కన్ను దాన్ని పూరించుకుంటుంది. వేలు మంచి పనిముట్టు. ఇటలీ చిత్రకారుడు టిషియన్ చివరి దశలో కుంచె కంటే వేళ్లతోనే ఎక్కువగా ముగించేవాడని ఆయన దగ్గర పనిచేసిన పాల్మా చెప్పినట్టు 17వ శతాబ్దపు రచయిత నమోదు చేశాడు. లెడ్, కాడ్మియం రంగులుంటే తొడుగు వేసుకోండి.

ఒక భాగం పాడైంది, పైన వేసేకొద్దీ ఇంకా పాడవుతోంది.

ఆపి, ప్యాలెట్ నైఫ్‌తో గీకేయండి. మిగిలే మసక జాడ తరచుగా మీరు వేసినదానికంటే బాగుంటుంది. దాని మీద నుంచి మళ్లీ మొదలుపెట్టండి. గీకలేనంత పలుచగా, అయినా జిడ్డుగా ఉంటే పాత వార్తాపత్రిక అంటించి అరచేత్తో రుద్ది లాగేయండి. లండన్ స్లేడ్ స్కూల్‌లో బోధించిన హెన్రీ టాంక్స్ పేరు మీద దీన్ని 'టాంకింగ్' అంటారు.

## ఆరాక

మొదటి పూత ఆరాక పైన ఎలా కొనసాగించాలి?

పై పూతలో నూనె కింది పూత కంటే ఎక్కువ ఉండాలి. నూనె ఎక్కువైన పూత నెమ్మదిగా ఆరుతుంది, సాగుతుంది. అది కింద ఉండి, పైన బిరుసు పూత పడితే పైది పగులుతుంది. మొదటి పూత రంగు, కాస్త టర్పెంటైన్. రెండోది ట్యూబు రంగు ఉన్నదున్నట్టు. మూడో పూతలో లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపిన మీడియం, రంగులో ఐదో వంతు దాటకుండా. అంబర్లు రెండు మూడు రోజుల్లో చేతికి అంటకుండా ఆరతాయి. టైటానియం, కాడ్మియం, ఐవరీ బ్లాక్‌లకు వారం పైన పట్టవచ్చు. అందుకే ఐవరీ బ్లాక్‌తో దట్టంగా కింది పూత వేయకండి.

కొన్ని చోట్ల మెరుపు పోయి మచ్చలుగా కనిపిస్తోంది.

కింది పూత నూనెను పీల్చేసింది, లేదా టర్పెంటైన్ ఎక్కువైంది. బొమ్మ ఆరాక లిన్సీడ్, టర్పెంటైన్ సమంగా కలిపి ఆ చోట పలచగా రుద్ది, ఐదు నిమిషాలకు మెత్తటి గుడ్డతో తుడిచేయండి. తుడవకుండా వదిలితే జిగటగా మిగిలి పసుపుబారుతుంది. అసలు టోన్ తెలిశాకే తిరిగి వేయండి.

పైపొర ముడతలు పడింది. బాగు చేయవచ్చా?

చేయలేరు. నూనె ఎక్కువై, పైపొర లోపలి భాగం కంటే ముందు ఆరి సాగడం వల్ల వచ్చిన ముడత అది. ఆ భాగం గీకేసి మళ్లీ వేయడమే.

వార్నిష్ ఎప్పుడు?

దామర్‌లాంటి పాతకాలపు వార్నిష్‌కు 6 నుంచి 12 నెలలు, ముద్ద రంగైతే ఇంకా ఎక్కువ. అతి మందమైన చోట గోరుతో నొక్కితే దిగబడకూడదు. ఆయిల్ రంగు నీరు ఆవిరైనట్టు ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది, కాబట్టి తొందరపెట్టలేం. ఎండలో పెట్టినా హెయిర్ డ్రయర్ పట్టినా ముడతలే మిగులుతాయి.

కుంచెలు తుడిచిన గుడ్డలు చెత్తబుట్టలో వేయవచ్చా?

ముద్దగా చుట్టి వేయకూడదు. లిన్సీడ్ ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడి బయటికి పోక, నిప్పురవ్వ లేకుండానే గుడ్డ అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి, గాలి తగిలే చోట, మండే వస్తువులకు దూరంగా గట్టిపడేదాకా ఆరబెట్టండి. లేదా నీళ్లు నింపిన మూతగల ఇనప డబ్బాలో వేయండి. వాడిన టర్పెంటైన్ సింకులో పారబోయకుండా సీసాలో ఉంచితే రెండు రోజుల్లో మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేటను మళ్లీ వాడుకోవచ్చు.